ఎడమవైపు ఆఖరి ముక్క

ఫిబ్రవరి 6

విత్తనాల కంపెనీ వాళ్ళు ఏటా ఇచ్చే డైరీ ఇది. ఎప్పుడూ రత్నం తీసి అటక మీద పడేసేది. ఈ ఏడు నేనే అడిగి తీసుకున్నా. డాక్టర్ బెంజిమిన్ గారి ఆజ్ఞ. పగలూ రాత్రీ ఎన్నిసార్లు ఒంటేలుకి పోతున్నానో, మంట ఉందో లేదో, ఎంతసేపు నిలబడాల్సి వస్తోందో రాయమన్నాడు. అరవై దాటినాక ఈ యోగం కూడా పట్టింది.

ఇవాళ చానాసార్లు. మంట లేదు. నిలబడ్డం మాత్రం బస్టాండులో మాచర్ల బస్సు కోసం నిలబడ్డట్టే ఉంది. వచ్చిందనుకుంటాం, రాదు.

ఫిబ్రవరి 7

నిన్నటి మాదిరే.

ఫిబ్రవరి 13

రక్తపరీక్ష వచ్చింది. పీఎస్‌ఏ అనేదేదో పదకొండు దాటిందంట. నాలుగులోపు ఉండాలంట. ప్రోస్టేటు గ్రంథి వాచినా పెరగొచ్చు, ఇంకోటి అయినా పెరగొచ్చు, ముక్క తీసి చూస్తేగానీ చెప్పలేనన్నాడు బెంజిమిన్ గారు. సన్న సూదితో గ్రంథిలో అక్కడక్కడా గుచ్చి ముక్కలు లాగుతారంట.

"మచ్చు తీస్తారన్నమాట," అన్నా.

"అంతేనండీ, మచ్చే," అని నవ్వాడు.

మచ్చుకి భయపడే మనిషినా నేను? గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ దుకాణం పెట్టి ఎన్నేళ్ళయింది! రైతు దించిన టిక్కీ మూట తాడు విప్పి గుప్పెడు మిరపకాయ తీస్తే చాలు, రంగు, తేమ, పాలిపోయిన తాలుకాయ ఎంతుందో చెప్పేస్తా. కాయ చేతిలో గలగలమనాలి. అనకపోతే తడి ఉన్నట్టే.

ఇంటికొచ్చి టోపీ తీసి ఫ్యాను కింద కూర్చున్నా. "ఏందండీ, బట్టతల మీద కూడా చెమటేనా?" అంది రత్నం. ఎండ అన్నా. ఫిబ్రవరిలో ఏం ఎండ అంది.

ఫిబ్రవరి 24

క్యాన్సరే.

రాశా కదా. ఇప్పుడు మిగతాది రాస్తా.

బెంజిమిన్ గారు రిపోర్టు నా ముందు పెట్టి వేలు పెట్టి చూపించాడు. ఎ, బి, సి కుడివైపు ముక్కలు. డి, ఇ, ఎఫ్ ఎడమవైపువి. పైన, మధ్య, చివర అని వరస. ఎ, బి, డి శుభ్రంగా ఉన్నయ్. సి లో మూడు ప్లస్ మూడు, ఆరు. ఇ లోనూ ఆరే. ఎఫ్ లో నాలుగు ప్లస్ మూడు, ఏడు.

"పదికేనా అండీ?" అన్నా. అవునన్నాడు. "అయితే పాసయినట్టేగా?"

ఆయన నవ్వలా. ఇక్కడ మార్కులు తక్కువైతేనే మంచిదంట. ఆరు దగ్గరే మొదలంట. ఆరంటే మెతకది, కదలకుండా పడుండేది. పది అంటే మహా మొండిది. దీనికి గ్లీసన్ లెక్క అని పేరు. ముక్కలో ఏ రకం ఎక్కువుందో ఆ అంకె ముందు వేస్తారు, తర్వాతది వెనక వేస్తారు. మూడు ప్లస్ నాలుగు వేరు, నాలుగు ప్లస్ మూడు వేరు. రెండూ ఏడేగా అంటే, కూడితే ఏడేనండీ, రోగం మాత్రం ఒకటి కాదు అన్నాడు. ముందు నాలుగుంటే చెడ్డ రకమే ఎక్కువున్నట్టు.

ఇంకెవరికైనా అయితే పదిసార్లు చెప్పాలేమో. నాకు ఒక్కసారికే అర్థమయింది. టిక్కీలో మంచికాయ ఎక్కువై తాలు తక్కువుంటే ఒక మాట, తాలే ఎక్కువుంటే ఇంకో మాట. లాటులో ఒక్క టిక్కీ చెడ్డదని తేలితే లాటు మొత్తం దాని లెక్కనే పోద్ది. ఎఫ్ ఉంది కాబట్టి నాది ఏడు. సి, ఇ ఎంత బాగున్నా లాభం లేదు.

"అన్నీ ఆరే అయ్యుంటే?"

"అప్పుడు కోత లేదండీ. ఆర్నెల్లకోసారి రక్తం చూసుకుంటూ కూర్చునేవాళ్ళం. మీకు మాత్రం ఆపరేషనో రేడియేషనో చెయ్యాలి. ఎముకల స్కానులో ఏం లేదు, అది మీ అదృష్టం. ఇంకా బయటికి పోలేదు. ఇప్పుడు చేస్తే నయమవుద్ది. నిదానం చేస్తే నేను మాటివ్వలేను."

ఫిబ్రవరి 25

రత్నానికి ఆరు అని చెప్పా. రిపోర్టులో ఆరు కూడా ఉందిగా. అబద్ధమేం కాదు.

ఫిబ్రవరి 27

పత్తి వ్యాపారం చేసే వెంకటకృష్ణకి రెండేళ్ళ కింద ఈ ఆపరేషనే అయింది. ఇవాళ సత్తెనపల్లి రోడ్డులో కనపడితే ఆపి మాట్లాడా. మనిషి గుండ్రాయిలా ఉన్నాడు. కానీ తుమ్మొస్తే చాలు, కాళ్ళు దగ్గరికి చేర్చుకుంటున్నాడు. లోపల ప్యాడు కట్టుకుంటాడంట. ఆ రెండో సంగతి, ఆలుమగల సంగతి అడిగితే, "ఆ ముచ్చట ఇక లేదన్నా," అని నవ్వేశాడు.

భయం కాదు. సీజను. మార్చి, ఏప్రిల్ రెండు నెలలూ యార్డుకి రోజూ లారీలే లారీలు. ఇప్పుడు మంచమెక్కితే రైతులు ఏమైపోవాలి?

భయం కాదు.

మార్చి 1

ఇంకో డాక్టరుకి చూపిస్తానన్నా బెంజిమిన్ గారితో. కోపం వస్తుందనుకున్నా. రాలా. "తప్పకుండా చూపించండి, మంచి పనే," అని గుంటూరులో డాక్టర్ పద్మజ గారి పేరు రాసిచ్చాడు. ముక్కల్ని చూసి చెప్పే డాక్టరు ఆమె, అందులోనూ ప్రోస్టేటే ఎక్కువ చూస్తదంట. "గాజు స్లైడ్లు, బ్లాకులు, మా ల్యాబు రిపోర్టు, మూడూ ఇవ్వండి," అని మరీ మరీ చెప్పాడు.

ల్యాబు వాళ్ళు అట్టపెట్టెలో పెట్టిచ్చారు. బ్లాకంటే చిన్న ప్లాస్టిక్ గూడు, అందులో మైనం. మైనంలో నా ఒంట్లోంచి తీసిన ముక్క, దారప్పోగంత. అదంట నా గతి చెప్పేది.

మార్చి 3

మా యార్డులో పూర్వం తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని రేటు చెప్పేవాళ్ళు. ఒకడు చెప్పిన రేటు రెండోవాడికి తెలియకూడదు. తెలిస్తే వాడూ అదే చెప్తాడు. అందుకని రిపోర్టు ఇంట్లోనే పెట్టేశా. డాక్టరమ్మ తన కళ్ళతో తను చూసుకోవాలి. ఇందులో తప్పేముంది?

ఎఫ్ స్లైడు, బ్లాకు కూడా పెట్టెలోంచి తీసి పెట్టా. పారెయ్యలా. ఇంటికి తెచ్చే మచ్చుకాయల డబ్బాలో కాయల అడుగున పెట్టా. ఆఖరిది కావడం మంచిదయింది. మధ్యలోదయితే ఖాళీ కనపడేది. ముందు మిగతావి చూడనీ. అవి బాగున్నయ్ అంటే తర్వాత ఇది కూడా చూపిస్తా.

చూపించనని ఎవరన్నారు?

మార్చి 4

పద్మజ గారి దగ్గరికి పోయా. నా కూతురి ఈడు ఉంటది. కళ్ళజోడు నెత్తి మీదకి తోసి పేరు, వయసు, పీఎస్‌ఏ ఎంత అని అడిగి రాసుకుంది. రిపోర్టేదంటే పోయిందమ్మా అన్నా.

"రిపోర్టు పోయి స్లైడ్లు మిగిలాయా? ఎప్పుడూ స్లైడ్లు పోయి రిపోర్టు మిగులుద్ది," అని నా మొహం వంక చూసింది. నేను గోడ మీద క్యాలెండరు వంక చూశా. సరే, నాలుగైదు రోజులు పడుద్దంది.

మార్చి 5

ఫోన్ రాలా.

మార్చి 8

ఇవాళ యార్డులో నోరు పారేసుకున్నా. గురజాల దగ్గర్నుంచి ప్రభు అనే రైతు సరుకు తెచ్చాడు. టిక్కీ విప్పితే పైన ఎర్రగా నిగనిగలాడే కాయ. ఖరీదుదారు అబ్దుల్ జబ్బార్ నాకు పాతికేళ్ళ స్నేహం. ఆయన పైన కాయ ముట్టుకోడు. మోచెయ్యి దాకా లోపలికి దించి అడుగు నుంచి లాగుతాడు. లాగితే తాలు. తెల్లగా పాలిపోయిన కాయ.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏందిరా ఇది? పైన మంచి పోసి కింద తాలు పోస్తావా? నా దుకాణం పరువు తీస్తావా? ఎవడి కళ్ళు కప్పుదామని?" అని యార్డంతా వినపడేట్టు అరిచా. అతను తువ్వాలుతో మొహం తుడుచుకుంటా నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి.

జబ్బార్ నన్ను పక్కకి తీసుకుపోయాడు. "వదిలెయ్ అన్నా. అతను మోసగాడు కాదు, భయపడ్డాడు. భయపడ్డోడే పైన మంచికాయ పోస్తాడు." తర్వాత, "అయినా ఇంత కోపమేంది నీకు? ఇట్టాంటివి రోజూ చూస్తానే ఉంటాంగా?" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను. టీ చెప్పాడు. తాగబుద్ధి కాలా.

మార్చి 10

పద్మజ గారు ఫోన్ చేసింది.

"మల్లికార్జునరావు గారూ, కుడివైపు మూడున్నయ్, ఎడమవైపు రెండేనండీ. ఎడమవైపు చివరి ముక్క నాకు రాలేదు."

ఎ నుంచి ఇ దాకా వరసగా ఉన్నయ్యి గదా, ఆఖరిది లేకపోతే ఎవరికి తెలుస్తదిలే అనుకున్నా నేను. గ్రంథికి రెండు వైపులుంటయ్యని, రెండువైపులా సమానంగా తీస్తారని నా బుర్రకి తట్టలా. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్లా.

"వాళ్ళు అంతే ఇచ్చారమ్మా," అన్నా.

ఆమె నిదానంగా చెప్పింది. "బెంజిమిన్ గారికి ఒక్క ఫోన్ చేస్తే తెలిసిపోద్దండీ నాకు. ముందు మిమ్మల్ని అడగాలనిపించింది. రెండు రోజులు ఆగుతాను, వెతకండి. అది చూడకుండా మాత్రం నేను సంతకం పెట్టను."

తిడితే బాగుండేది. తిట్టే వాళ్ళతో ఎట్టా మాట్లాడాలో నాకు తెలుసు.

మార్చి 11

పొద్దున కాఫీ గ్లాసు పక్కన ఎఫ్ ఉంది. మైనం బ్లాకు, గాజు స్లైడు, రెండూ. చెంగుతో తుడిచినట్టుంది, కారం దుమ్ము కూడా లేదు.

రత్నం ఎదురుగా కూర్చుంది. గ్లాసు ఎత్తా, దించా. మళ్ళీ ఎత్తా.

"పచ్చడికి కాయలు కావాల్సొచ్చి డబ్బా తీశా," అంది ఆఖరికి. "నాకు ఆరు అని చెప్పారుగా. ఇదెంత?"

"ఏడు."

"ఏడుకే మిరపకాయల్లో దాచారా? పది అయితే నన్నెక్కడ దాచేవారో!"

నవ్వొచ్చింది. నవ్వబోతే ఏడుపొచ్చింది. ఎట్టా చెప్పాలో తెలియక అన్నీ చెప్పేశా. వెంకటకృష్ణ ప్యాడు సంగతి, ఆ రెండో సంగతి, యార్డులో అందరి ముందూ పంచె తడుస్తదేమోనన్న సంగతి. సీజను అనబోయా. అది మాత్రం నోట్లోంచి రాలా.

ఆమె అంతా విన్నది. "పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే ఎవరూ చూడటం లేదనుకుంటదంట. మీరు డాక్టరు కళ్ళు మూద్దామనుకున్నారా? ఆమె చూడకపోతే మీ ఒంట్లోది ఊరుకుంటదా?" అంది. "పంచె తడిస్తే నేను ఉతుకుతా. ఇంకేదో లేకపోతే లేదు, ఉన్నన్నాళ్ళు ఉంది. గోడ మీద ఫోటో తుడిచే ఓపిక మాత్రం నాకు లేదు. చెప్తున్నా."

భయమే. రాసేస్తున్నా. సీజనూ కాదు, రైతులూ కాదు. భయమే.

మార్చి 12

ఎఫ్‌ని, రిపోర్టుని తన టిఫిన్ డబ్బాలో పెట్టుకుని రత్నం కూడా వచ్చింది. డాక్టరమ్మ బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డా. బడిలో కూడా అట్టా నిలబడలేదు నేను.

పద్మజ గారు తీసి వాసన చూసింది. "ఇది ఎక్కడుందండీ?"

"మిరపకాయల డబ్బాలోనమ్మా," అంది రత్నం, నాకు అవకాశమివ్వకుండా.

ఆమె పెద్దగా నవ్వింది. "రిపోర్టు మార్చమని అడిగే వాళ్ళని చూశాను. ముక్కే దాచేసిన మనిషిని ఇప్పుడే చూడటం!" నవ్వుతానే కుర్చీ చూపించింది. మైక్రోస్కోపుకి తగిలించిన టీవీలో నా ముక్కల్ని నాకే చూపించింది.

అంతా గులాబీ రంగు, మధ్యలో ఊదా చుక్కలు. ముందు సి ముక్క. చిన్న చిన్న గుండ్రాలు, దేనికది విడిగా ఉన్నయ్. "ఇది మూడో రకం. చెడ్డదే గానీ ఇంకా పద్ధతిగా ఉంది." తర్వాత ఎఫ్ పెట్టింది. గుండ్రాలు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయి ఎక్కడ మొదలో ఎక్కడ తుదో తెలియటం లేదు. నాకు కల్లంలో ఆరబోసిన కాయ గుర్తొచ్చింది. ఎండిన కాయ దేనికది విడిగా ఉంటది. వాన పడ్డాక చూస్తే ముద్దకట్టుకుపోతది. ఆ మాటే అన్నా.

"సరిగ్గా అదేనండీ. ఇది నాలుగో రకం. ఇంకా ముదిరితే ఆకారమే ఉండదు, అది అయిదు. మీ ముక్కల్లో నాకు అయిదు కనపడలేదు."

ఆ మాటకి రత్నం నా చెయ్యి పట్టుకుంది.

"మీరు ముందు ఇచ్చిన అయిదూ చూసి రాసుంటే, ఆరు అని రాసేదాన్ని," అంది డాక్టరమ్మ, ఈసారి నవ్వకుండా. "అది తప్పు రిపోర్టు కూడా కాదు. చూసినంత మటుకు నిజమే. ఆ కాగితం పట్టుకుని మీరు ఇంకెక్కడికో పోయి, ఆపరేషన్ అక్కర్లేదనిపించుకుని ఇంట్లో కూర్చునేవారు. ఇది మాత్రం లోపల కూర్చునేది కాదు."

ఏసీ గదిలో నా వీపు తడిసిపోయింది. నా చావు మీద ఆమె చేత సంతకం పెట్టించబోయా. నేనే పోయి, పెట్టె కట్టి మరీ ఇచ్చి.

"క్షమించమ్మా," అన్నా.

"ముక్క తెచ్చారుగా, చాలు. మూడు ఎక్కువా నాలుగు ఎక్కువా అన్నది ఒక్కోసారి ఇద్దరు డాక్టర్లకి తేడా వస్తది. మా తోటి డాక్టరు గారిని కూడా విడిగా చూడమంటాను. నేనేం అనుకున్నానో ఆయనకి చెప్పను."

తువ్వాలు కింద వేళ్ళు వీళ్ళకీ ఉన్నయ్యన్నమాట.

మార్చి 15

ఇద్దరూ చూశారు. నాలుగు ప్లస్ మూడు. రేటు మారలా.

ఆపరేషనే చేయించుకుంటానని బెంజిమిన్ గారికి చెప్పేశా. గుంటూరులో వచ్చే నెల. ఫోన్ పెట్టేశాక ఆకలేసింది. ఎన్నాళ్ళయిందో ఆకలేసి.

మార్చి 17

ప్రభు మళ్ళీ సరుకు తెచ్చాడు. పోయి అతని భుజం మీద చెయ్యేశా. "ఆ రోజు అంతమందిలో అరిచా, తప్పు నాదే," అన్నా. కంగారుపడ్డాడు. "ఈసారి అడుగు కాయ నువ్వే తీసి పైన పెట్టు, ముందే చెప్పేద్దాం. జబ్బార్ భాయ్‌తో నేను మాట్లాడతా." అట్టాగే పెట్టాడు. నీతి కథ చెప్పుకోను. రేటు గొప్పగా ఏం రాలా. మనిషి మాత్రం తలెత్తుకుని పోయాడు.

ఏప్రిల్ 9

రేపు. రత్నం వెంకటకృష్ణ భార్యని అడిగి ప్యాడులు తెప్పించింది. ఆసుపత్రికి సర్దిన పెట్టెలో అన్నింటికన్నా పైన పెట్టింది. కింద పెట్టవే అంటే వినదు.

ఏప్రిల్ 12

ఒంటేలుకి గొట్టం ఉంది. నొప్పి. రత్నం పక్కనే ఉంది.

ఏప్రిల్ 24

ఈసారి మచ్చు కాదు, మూట మొత్తం విప్పి చూశారు. తీసిన గ్రంథిని పద్మజ గారికే పంపారు. అంచు చుట్టూతా రంగు పూసి పల్చటి రేకులుగా కోస్తారంట. క్యాన్సర్ ఆ రంగు దాకా వచ్చిందంటే ఒంట్లో కొంత మిగిలినట్టు. రంగుని తాకలేదంటే మొత్తం బయటికి వచ్చినట్టు.

తాకలేదు.

గ్రేడు అదే, నాలుగు ప్లస్ మూడు. దాచినా దాచకపోయినా అది అదే. గ్రంథి దాటి పోలేదు. పక్కనున్న లింఫు గ్రంథుల్లోనూ లేదు. కింద ఆమె సంతకం. ఆ సంతకం మీద వేలు పెట్టి చానాసేపు కూర్చున్నా. నేనిచ్చిన ముక్కలు చూసి, లేని ముక్కని కూడా చూసిన మనిషి. ఏమిచ్చి తీర్చుకోను? రెండు కిలోలు మంచికాయ పంపా. అడుగు దాకా ఒకటే రకం. ఆమె ఫోన్ చేసి, "చెయ్యి పెట్టి చూశాను లెండి," అంది.

జూన్ 11

పీఎస్‌ఏ దాదాపు సున్నా. బెంజిమిన్ గారు లేచి చెయ్యి కలిపాడు. మూడు నెలలకోసారి చూపించుకోమన్నాడు. ప్యాడు ఇంకా ఉంది, తుమ్మితే తడుస్తది. పగలు మర్చిపోతున్నా కూడా. ఆ రెండో సంగతికి టైము పడుద్దన్నాడు. రత్నం విననట్టు కిటికీలోంచి చూసింది.

దోవలో కోటప్పకొండ కనపడితే కారాపి ఇద్దరం కింద నుంచే దణ్ణం పెట్టుకున్నాం. పేర్లన్నీ చెప్పుకున్నా, బెంజిమిన్ గారు, పద్మజ గారు, పేరు తెలియని ఆ రెండో డాక్టరు గారు. సూది గుచ్చిన వాళ్ళు, మైనం పోసిన వాళ్ళు. చానామంది ఉన్నారు.

ఇంటికొచ్చి భోంచేస్తుంటే గుర్తొచ్చి అడిగా. "ఏమే, ఆ రోజు పచ్చడికి కాయలన్నావు. నువ్వు పచ్చడి పెట్టలేదుగా. అసలు ఆ నెలలో పచ్చడే లేదు ఇంట్లో."

"కాయల కోసం ఎవరు తీశారు? మీరు దాచింది ఏందా అని తీశా," అంది తలెత్తకుండా. "ఆరు అని నవ్వుతా చెప్పి అన్నం వదిలేసి లేస్తుంటే ఏదో దాచారని తెలియదా? ఇల్లంతా వెతికా."

"ఎట్టా తెలిసింది దాచానని?"

అప్పుడు తలెత్తింది. "పెళ్ళిచూపులకి నెత్తికి మఫ్లర్ చుట్టుకొచ్చిన మనిషి మీరు. మే నెల్లో. పల్నాటి ఎండలో. జలుబు అన్నారు. మా పెద్దమ్మ మంచినీళ్ళిస్తా కావాలనే మీ మీద ఒలకబోసింది. మీరు మఫ్లర్ తీసి తుడుచుకున్నారు. తలుపు సందులోంచి మీ బట్టతల చూశా."

ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది నాకు. ఇన్నేళ్ళూ ఆ మఫ్లర్ సంగతి ఎవరికీ తెలియదనే అనుకుంటున్నా.

"అప్పట్నుంచీ మీ మూట అడుగు నుంచే చూస్తున్నా," అంది పెరుగు వడ్డిస్తా. "ఆ రోజూ అడుగు చూశాకే సరే అన్నా."

అన్నం మొత్తం తిన్నా. టోపీ ఇంకా నెత్తి మీదే ఉంది. తీసి పక్కన పెట్టా.